పదును వెనుక మనిషి

మన ప్రబంధకవులు పురవర్ణన చేసినపుడు కోటలను, మేడలను, ఉద్యానవనాలను కీర్తిస్తారు. ఫ్రాన్సు దేశపు తియేర్ పట్టణాన్ని వర్ణించవలసివస్తే నేను ముందుగా అక్కడి నదిని, ఆ వెంటనే సానపట్టేవారి శ్రమను చెబుతాను.

ఓవెర్న్ ప్రాంతపు కొండవాలుపై వెలసిన ఈ చిన్న పట్టణానికి కావలసిన ఇనుము, ఉక్కు బయటినుండే వచ్చేవి. దాని సంపద అంతా లోయలోకి ఉరికే ద్యురోల్ నది. ఆ నీటివేగంతో చక్రాలు తిప్పి, మధ్యయుగాల నుండి అక్కడివారు కత్తులు తయారుచేశారు. ఒకరు ఉక్కును సాగగొట్టేవారు, ఒకరు సానపట్టేవారు, మరొకరు పిడి బిగించేవారు.

సానపట్టే కార్మికుడు చెక్కపలకపై బోర్లా పడుకొని, తిరిగే రాతిపైకి వంగి పనిచేసేవాడు. క్రింద చల్లని నీరు, చుట్టూ రాతిధూళి. వెచ్చదనం కోసం పెంపుడు కుక్కను కాళ్ళపై పడుకోబెట్టుకొనేవాడు. 1861లో పుస్తకంగా వెలువడిన జార్జ్ శాండ్ నవల 'నల్లని పట్టణం'కు ఈ ఊరే ప్రేరణ.

విద్యుత్తు రాకతో నీటిచక్రాలు క్రమంగా ఆగిపోయాయి. నదీతీరంలో 'నరకకూపం' అనే పేరుగల పాత కర్మాగారం 1988లో కళాకేంద్రంగా మారింది. అయినా ఫ్రాన్సులో తయారయ్యే కత్తులలో అధికభాగం నేటికీ ఈ ప్రాంతానివే.

కత్తి పదునును మెచ్చుకొనేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఆ పదును కోసం అరిగినది రాయి మాత్రమే కాదు.