బేలగొండపల్లి రెక్కలు

చరిత్రను మలుపు తిప్పిన విమానాలేవంటే రైట్ సోదరుల యంత్రం, డీసీ-3, బోయింగ్ 747, కాంకార్డ్ అని చకచకా చెప్పేస్తాం. ఆ పేర్లతో నాకు పేచీ లేదు, కొలబద్దతోనే పేచీ. వేగం, పరిమాణం విమానం గొప్పను చెబుతాయి. ప్రభావం తెలియాలంటే మాత్రం దానివల్ల ఎవరి చేతికి ఏ పని వచ్చిందో అడగాలి. అలా అడిగితే కృష్ణగిరి జిల్లాలో, హోసూరు పక్కనున్న బేలగొండపల్లి పేరూ ఎత్తాల్సిందే. 1990లలో తనేజా ఏరోస్పేస్ సంస్థ ఇటలీవారి పార్టెనావియాతో చేయి కలిపి అక్కడ పీ-68సీ తయారీకి దిగింది. ఆరు సీట్లు, రెండు పిస్టన్ ఇంజన్లు, క్యాబిన్ పైన రెక్కలు. విమానాల తయారీ అంటే బెంగళూరు హెచ్‌ఏఎల్‌దే అని స్థిరపడిపోయిన రోజుల్లో ఒక ప్రైవేటు కంపెనీ చేసిన సాహసమది.

తయారైనవి కొన్నే కదా అంటారు. నిజమే. కానీ కాంకార్డులు మాత్రం ఎన్ని? మొత్తం 20. సంఖ్యే గీటురాయి అయితే దాన్నీ పక్కన పెట్టాలి. డిజైన్ మనది కాదు కదా అన్నది ఇంకాస్త బరువైన ఆక్షేపణ. పరాయి నమూనా మీద చెయ్యి తిరగడం చిన్నతనమేమీ కాదు. చెయ్యి తిరిగాక ఏం చేశారన్నదే లెక్క. బెంగళూరు ఎన్‌ఏఎల్ రూపొందించిన రెండు సీట్ల శిక్షణ విమానం హంస-3కి 2000లో డీజీసీఏ ధ్రువీకరణ వచ్చింది. ఫ్లయింగ్ క్లబ్బులకు వెళ్లిన హంసలు తయారైంది బేలగొండపల్లిలోనే.