అత్త పాటలూ, కంప్రెసరు మరలూ

బరంపురంలో ఉన్న మా మేనత్తకు 84 ఏళ్లు. పెళ్లిపాటలు, జోలపాటలు, అప్పగింతల పాటలు అన్నీ ఆమెకు నోటికి వచ్చును. కాగితం మీద ఒక్కటీ లేదు. ఇంట్లో ఇప్పటి పిల్లలు ఒడియా చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాత్రం వారికి చెవిన పడవలసిందే. అందుచేత ఆ పాటలను కంప్యూటరులోకి ఎక్కించే పని నేను నెత్తిన వేసుకున్నాను.

ఎక్కించడం తేలికే, వినిపించడమే కష్టం. అత్త ఎత్తుకుంటే వీధి అరుగు దాకా వినబడుతుంది. చరణం చివరకు వచ్చేసరికి గొంతు గుసగుసలోకి దిగిపోతుంది. ఎదుట కూర్చున్నవాళ్లం కాస్త ముందుకు వంగి వింటాము. పుణేలో రైలులో నిలబడి ఫోనులో వినే మనుమరాలికి ఆ వీలు లేదు. అప్పగింతల పాటలో కన్నీరంతా ఆ చివరి మాటల్లోనే ఉంటుంది, పోయేదీ అవే.

దీనికి మందు కంప్రెసరు అనే ప్లగిన్. ఫైలును కుదించే పని వేరు, ఇది వేరు. ఇది హెచ్చుధ్వనిని అణచి, హెచ్చుతగ్గుల నడుమ దూరాన్ని తగ్గిస్తుంది. కంప్యూటరులో సున్నా డెసిబెల్లు అంటే ఇంటికప్పు అనుకోండి. త్రెషోల్డు అంటే గడప. పేరు బాగా పెట్టారు. గడప దాటిన ధ్వనికే అదుపు. నేను దానిని సున్నాకు 18 కింద ఉంచాను. అత్త గట్టిగా అందుకుంటే 6 కింద దాకా వస్తుంది, అంటే గడప దాటి 12. రేషియో మూడుకు ఒకటి పెడితే ఆ 12 నాలుగవుతుంది, 8 తగ్గుతుంది. ఆ ఎనిమిదినీ మేకప్ గెయిన్‌తో మొత్తం పాటకు తిరిగి ఇస్తే, గట్టిమాట మునుపటి చోటనే నిలిచి, చిన్నమాట 8 డెసిబెల్లు పైకి వస్తుంది. దానితోపాటు సీలింగు ఫేను రొద కూడా వస్తుందనుకోండి!

అసలు నేర్పంతా ఎటాక్, రిలీజు మరలలో ఉంది. ఎటాక్ అంటే ఎంత త్వరగా పట్టుకోవాలన్నది. మరీ త్వరపడితే క, ట, ప వంటి అక్షరాల దెబ్బ మొద్దుబారి, మాట నమిలినట్లుంటుంది. నేను 20 మిల్లీసెకన్లు ఇస్తాను. రిలీజు అంటే ఎంతలో వదలాలన్నది. 50 మిల్లీసెకన్లలో వదిలితే ప్రతి మాట వెనుకా ఫేనురొద కొలిమితిత్తిలా ఉబికి వస్తుంది. రెండు సెకన్లు పట్టి ఉంచితే పెద్దమాట వెంటనే వచ్చే చిన్నమాట కూడా అణగిపోతుంది. ఇక ఈ తంటా అంతా ఎందుకు? 250 దగ్గర అత్త గొంతు కుదురుకుంది.

పాత యంత్రాలను అనుకరించే ప్లగిన్లూ ఉన్నాయి. 1960లలో వచ్చిన ఎల్ఏ-2ఏకు ముఖ్యమైన మరలు రెండే. లోపల ఒక దీపం, దాని వెలుగును బట్టి మారే ఒక కణం. పట్టడమూ వదలడమూ అవే చూసుకుంటాయి. ముసలి గొంతుకు నాకిదే ఇష్టం. 1967లో బిల్ పట్నమ్ తెచ్చిన 1176లో ఎటాక్ మరను కుడికి తిప్పేకొద్దీ వేగం హెచ్చుతుంది. తెలియనివారు తికమక పడతారు.

ఇంకొక మనవి. ధ్వని పెంచితే ఏ పాటైనా బాగున్నట్లే తోస్తుంది. కనుక కంప్రెసరు ఉన్నప్పుడూ లేనప్పుడూ ధ్వని సమంగా ఉండేలా సరిచేసుకుని పోల్చాలి. అసలు రికార్డును ముట్టుకోకుండా వేరే దాచాలి. ఆ గొంతు మళ్లీ దొరకదు.

మొదటి జోలపాట వినిపిస్తే అత్త, "ఏట్రా, నా ఆయాసం కూడా పాటలో కలిపీసేవా?" అంది. జోలపాటలకు రేషియో రెండుకు దించాను. అప్పగింతలకు మూడే ఉంచాను. ఇంకా 11 పాటలున్నవి. ఫేను ఆపి పాడించాలంటే మార్గశిరం రావాలి.