అట్టడుగు జట్టు

కంప్యూటర్‌లో బాస్కెట్‌బాల్ లీగ్ ఆడితే నేను ఎంచుకునేది అట్టడుగున ఉన్న జట్టునే. పేరున్న ముప్పైయేళ్ల ఆటగాణ్ణి వదులుకుని, పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ణి తెచ్చుకుంటాను. ఫ్రీ త్రోలు సగం పారేస్తాడు. కానీ రీబౌండ్‌కి అందరికంటే ముందు వాడి చెయ్యే లేస్తుంది. అది చాలు, ఆడిస్తాను.

మా విజయనగరం రాజకుమారుడు విజ్జీ దారి వేరు. 1930-31లో పేరుమోసిన బ్యాటర్లు హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ ఇంగ్లండ్ నుంచి రప్పించి సొంత క్రికెట్ జట్టులో ఆడించాడు. డబ్బుంటే పేర్లొస్తాయి. 1936లో ఆయన సారథ్యంలో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టు మూడు టెస్టుల్లో రెండు ఓడింది. ఆ జట్టులోని లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ లేదంటూ మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. మనసులు విరిగిన జట్టుకి ఎంత పెద్ద పేర్లుంటే మాత్రం ఏం లాభం?

నన్ను కదిలించేది అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లోని ఫిలడెల్ఫియా జట్టు కథ. 2014లో కొత్త ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో మూడో ఎంపికగా తీసుకున్న ఎంబీడ్ గాయాలతో రెండు సీజన్లు కోర్టులో అడుగే పెట్టలేదు. 2015-16లో ఆ జట్టు 82 ఆటల్లో గెలిచినవి 10. అదే ఎంబీడ్ 2023లో లీగ్ మొత్తానికీ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరికి కూడా ఏళ్ల తరబడి సాధన చేశాకే 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం దక్కింది. అందుకే, ఒక్క సీజన్ పోగానే కుర్రాళ్లని బెంచీకి తోసేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.