ఒత్తులు దిద్దిన ఉత్తరాలు

తెనాలి దగ్గర మా ఊరి చర్చి వెనక రేకుల షెడ్డులో, శనివారం శనివారం పిల్లలు వచ్చి కూర్చునేవాళ్ళు. లెక్కలు, పాటలు, బైబిలు కథ, ఆఖర్న గుడ్డుతో అన్నం. అందరూ కూలి చేసుకునేవాళ్ళ పిల్లలే. వీళ్ళలో ఒక్కొక్కరికీ ఎక్కడో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఒక స్పాన్సర్ ఉండేవారు. వాళ్ళకి పిల్లలు ఉత్తరాలు రాయాలి. నేను తెలుగు బి.ఏ. చదివానని పాస్టరమ్మ గారు ఆ పని నాకు అప్పజెప్పారు.

ఆ డబ్బు పంపేది కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ. కొరియా యుద్ధంలో అనాథలైన పిల్లల్ని చూసి తట్టుకోలేక, ఎవరెట్ స్వాన్సన్ అనే అమెరికా పాస్టరు 1952లో మొదలుపెట్టారట. అప్పట్లో ఒక్కో పిల్లకి నెలకి 38 డాలర్లు.

నేను ఉత్తరాల్లో ఒత్తులు దిద్దేదాన్ని, దీర్ఘాలు దిద్దేదాన్ని. అక్కడితో ఆగితే బాగుండేది. "థాంక్స్ రాయలేదేంటే? తప్పులు రాస్తే వాళ్ళు బాధపడరూ?" అని గదిమేదాన్ని కూడా. అయిదో తరగతి పిల్ల ఒకతి ఎప్పుడూ వాళ్ళ గేదె గురించే రాసేది. ఈనింది, దూడ పుట్టింది, పాలివ్వట్లేదు... నేను కొట్టేసి, "మీ మేలు మరువలేను" అని రాయించేదాన్ని.

2017 మార్చిలో ఆ సంస్థ మన దేశంలో పని ఆపేసింది. ముందే అనుమతి తీసుకుంటే తప్ప విదేశీ డబ్బు రాకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. మతమార్పిడి అని ఆరోపణ, కాదని వాళ్ళ జవాబు. ఆ తగవంతా ఢిల్లీలో జరిగింది. దేశం మొత్తం మీద లక్షా నలభై వేలమందికి పైగా పిల్లలు ఆగిపోయారు. మాకు తెలిసింది మాత్రం శనివారం షెడ్డుకి తాళం పడడం.

ఆ గేదె పిల్ల మా గుమ్మంలోకొచ్చి అడిగింది. "ఆంటీ, ఆవిడకి నా మీద కోపం వచ్చిందా? పోయిన ఉత్తరంలో తప్పులు రాశానా?"

ప్రభుత్వం, అనుమతులు అని ఏదో చెప్పాను. దానికేం ఎక్కలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ భయం దాని మనసులో నాటింది నేనే కదా.

మా ఆయనతో చెప్తే, "మనం చదివిద్దాం. కానీ దశమభాగంలోంచి తియ్యకు, అది దేవుడిది" అన్నారు. సరే, క్రిస్మస్‌కి నాకు కొనే చీర మానేశాం. ఫీజు, బస్సు పాసు, నోటుపుస్తకాలు. పెద్ద లెక్కేం కాదు. తల్లి మిర్చి కోతలకి పోతుంది, మిగతాది ఆవిడే నెట్టుకొచ్చింది.

సిగ్గుపడుతూనే చెప్తున్నాను, ఒకసారి ఆ పిల్ల బజార్లో నన్ను చూసి కూడా పలకరించకుండా స్నేహితురాళ్ళతో వెళ్ళిపోయింది. రెండ్రోజులు కుమిలాను. ఇంత చేస్తుంటే ఒక "వందనాలు ఆంటీ" అనదా? మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి గురిగిలో పోసి, ఆదివారం గుడికి పంపేది. అది ఎవరు వండుకున్నారో ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. నేనేమో లెక్క చూసుకుంటున్నాను. ఎడమచేతికి తెలియకుండా ఇవ్వమన్న వాక్యం సండే స్కూల్లో అంతమంది చేత కంఠస్తం చేయించిన దాన్ని!

మొన్న ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలయ్యాక వచ్చింది. ఆ అమెరికా ఆవిడకి ఉత్తరం రాయాలిట, అడ్రసు కావాలిట. అడ్రసులు మాకు ఎప్పుడూ ఇచ్చేవారు కాదు, అన్నీ ఆఫీసు ద్వారానే పోయేవి. ఆ మాటే చెప్పాను.

"పర్లేదు ఆంటీ, రాసుకుంటాను" అని అక్కడే వరండాలో కూర్చుంది. కాఫీ ఇవ్వబోతూ తొంగి చూశాను. గేదెని అమ్మేశారట. దూడ మాత్రం ఉందట. ఒత్తులు రెండు మూడుచోట్ల తప్పాయి. కప్పు పక్కన పెట్టి లోపలికి వచ్చేశాను.