తొక్కు, పట్టుకో, వదులు

కొంచెం పెద్ద పోస్టే. ఇంట్లో పాత కారు ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మా అంబాసిడర్ మీలో చాలామందికి తెలుసు. 1978 మోడల్, మార్క్ 3, నాయన కొన్నది. తళవాయిపురం నుంచి రాజపాళయానికి పెళ్లికూతుళ్లనీ పురిటికి వెళ్లేవాళ్లనీ ఎంతమందిని మోసిందో లెక్క లేదు.

పోయిన నెల ఒక ఆదివారం పాపతో రాజపాళయం నుంచి తిరిగి వస్తున్నాను. ముందు బస్సు ఆగింది, దాని వెనక ఒక బైకు, దాని వెనక నేను. రోడ్డు కొంచెం పల్లం. బ్రేకు తొక్కి పట్టుకునే ఉన్నాను. కాలి కింద పెడల్ మెల్లగా దిగిపోతూ నేలకి ఆనింది. బండి కదిలింది. బైకు మీద భార్యాభర్తలు, మధ్యలో చిన్న పిల్లవాడు. హ్యాండ్ బ్రేక్ లాగితే జానెడు దూరంలో ఆగింది.

నిజం చెప్పాలి. పెడల్ మెత్తబడిందని రెండు వారాల ముందే నాకు తెలుసు. ఆయిల్ ఎక్కడా కారడం లేదు కదా అని ఊరుకున్నాను. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రబ్బరు అరిగితే ఆయిల్ బయటికి రాకుండా లోపలే వెనక్కి జారిపోతుంది. నేల మీద చుక్క కూడా పడదు. పైగా మా బండిలో నాలుగు చక్రాలకీ ఒకటే లైను. అది పోతే అన్నీ పోయినట్టే.

"అది సరయ్యేదాకా పిల్లని ఎక్కనివ్వను" అంది ఇంటావిడ. ఎదురు చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

కొత్త సిలిండర్ మదురై నుంచి తెప్పించాను. బిగించడం గంట పని. అసలు పని గాలి తీయడం. ఆయిల్‌ని నొక్కితే అది కుదించుకుపోదు, మన కాలి బలం చక్రందాకా వెళ్తుంది. లైనులో గాలి ఉంటే ఆ బలమంతా గాలిని నొక్కడానికే సరిపోతుంది.

దీనికి ఇద్దరు కావాలి. నాయన ఉన్నప్పుడు ఆయన బండి కింద, నేను సీటులో. ఇప్పుడు నేను కింద, చెన్నైలో చదివే పాప సీటులో. మన ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. పాపకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం తమిళంలో వస్తుంది.

నాయన నేర్పిన మూడు మాటలే చెప్పాను. "తొక్కు" అంటే తొక్కాలి. "పట్టుకో" అంటే నేను నిపుల్ విప్పుతాను, పెడల్ దిగిపోతుంది, అయినా కాలు తీయకూడదు. నిపుల్ బిగించి "వదులు" అన్నాకే వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది.

మొదటి గంట వృథా. ఎంత తొక్కినా పెడల్ స్పాంజిలాగే ఉంది. తప్పు నాదే, సిలిండర్‌ని ఖాళీగా బిగించేశాను. మళ్లీ విప్పి, వైస్‌లో పెట్టి, ఆయిల్ పోసి, బుడగలు ఆగేదాకా పిస్టన్‌ని మెల్లగా నొక్కి, అప్పుడు బిగించాను. సిలిండర్‌కి అన్నిటికన్నా దూరమైన ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టాం. నిపుల్‌కి తగిలించిన ట్యూబులో ముందు బుడగలు, తర్వాత డికాషన్ రంగు ఆయిల్, చివరికి తేటగా కొత్త ఆయిల్. మధ్యమధ్యలో పైడబ్బా నింపుతూనే ఉండాలి. అది ఖాళీ అయితే మళ్లీ మొదటికి వస్తుంది.

మూడో చక్రం దగ్గర నేను నోరు తెరవకముందే పైనుంచి వినిపించింది: "పట్టుకున్నాను, విప్పు నాయనా." ఎప్పుడూ అప్పా అనే పిల్ల. స్పానర్ పట్టుకుని ఒక నిమిషం అలాగే ఉండిపోయాను.

పెడల్ గట్టిపడింది కానీ ఇంకా సగందాకా దిగుతోంది. అది గాలి కాదు, డ్రమ్ముల్లో షూలు దూరంగా ఉన్నాయి. జాకీ ఎత్తి, చక్రం పట్టేదాకా అడ్జస్టర్ బిగించి, ఫ్రీగా తిరిగేంత వెనక్కి వదిలాను. గాలి తీయకముందే చేయాల్సిన పని అది.

మీకు చెప్పదలచుకున్నది ఇదే. బండి ఆపి, పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. మెల్లగా దిగుతుంటే ఆ రోజు బండి తీయకండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ మరగాలంటే కనీసం 205 డిగ్రీలు కావాలి, తేమ పట్టాక 140 దగ్గరే మరగవచ్చు. సెంగోట్టై దాటి ఘాట్‌లో దిగేటప్పుడు అది మరిగితే ఆవిరి పుడుతుంది, పెడల్ మునిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్చండి. ట్యూబులోంచి వచ్చిన ఆయిల్ మళ్లీ పోయకండి. ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు, రబ్బర్లు ఉబ్బిపోతాయి.

నిన్న సాయంత్రం ఇంటావిడ తనే వచ్చి ముందు సీటులో కూర్చుంది. ఊరి చివరిదాకా వెళ్లొచ్చాం. తను ఏమీ అనలేదు. నేను మూడుసార్లు ఊరికే బ్రేకు తొక్కి చూసుకున్నాను.

మీలో ఎవరికైనా కాలు పెట్టే మనిషి దొరక్కపోతే కబురు చేయండి. నేనో పాపో వస్తాం.