గుంటూరులో ఒక రాత్రి



పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసినచోట నల్లరేగడి పల్లె మాది. ఒకప్పుడు పొలమంతా ప్రత్తి. ఇప్పుడు సగం ప్రత్తి, సగం మిరప. మా ఊరివారికి పట్నమంటే గుంటూరే. పెద్దాసుపత్రికైనా, పిల్లల చదువుకైనా, కాయ అమ్ముకోవడానికైనా అక్కడికే వెళ్తాం. అయినా ఆ ఊరిని గురించి మంచిమాట చెప్పేవారు తక్కువ. నేను వేదాంత పాఠశాలలో డిప్లొమా చదివే రోజుల్లో ఇతర జిల్లాల తోటివారు, "గుంటూరు వాడివా? ఎండ, కారం, కోపం, ఈ మూడేగా మీ పంటలు!" అని ఏడిపించేవారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే నా అభిప్రాయమూ అదే.

నజరేతు పేరు వినగానే పెదవి విరిచిన నతనయేలును గురించి నేను ఎన్నోసార్లు ప్రసంగం చేశాను. గుంటూరు విషయంలో ఆ నతనయేలును నేనేనని మాత్రం ఎన్నడూ తోచలేదు.

గత సంవత్సరం మార్చిలో మా సంఘపు పెద్దాయన ఒకరు పద్దెనిమిది టిక్కీల మిరపకాయలు యార్డుకు తీసుకువెళ్లవలసి వచ్చింది. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. అందరం తాతా అని పిలుస్తాం. కౌలు చేసిన మనుమడు జ్వరంతో పడుకున్నాడు. ముసలాయన్ని ఒంటరిగా పంపలేక నేను తోడు వెళ్లాను.

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని చెప్తారు. గేటు దాటకముందే తుమ్ములు మొదలవుతాయి. ఎటు చూసినా ఎర్రటి రాసులు, గోనె సంచుల గోడలు, ముఖానికి గుడ్డ చుట్టుకుని తాలుకాయ ఏరే ఆడవాళ్లు, వీపులు తడిసిన హమాలీలు. కొనేవాడు వచ్చి సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు కాయలు తీసి, విరిచి చూసి, ఒక అంకె చెప్పి వెళ్లిపోతాడు. ఏడాది కష్టానికి ఆ అంకే తీర్పు. ఆ రోజు ధర తెగలేదు. "రేపు చూద్దాం తాతా" అన్నాడు కమీషను కొట్టు గుమాస్తా. సన్నగా, గరుకు గొంతుతో ఉన్నాడు. పొద్దుటినుంచీ అందరిమీదా అరుస్తూనే ఉన్నాడు. "చూశారా, గుంటూరు మనుషులు!" అన్నాను తాతతో.

సాయంత్రం చల్లబడ్డాక తాత నెమ్మదిగా అడిగాడు. "అయ్యగారూ, ఎటూ ఖాళీయేగా. ఊళ్లో నాటికల పోటీలు జరుగుతున్నాయంట. పోదామా?"

నేను గతుక్కుమన్నాను. నాటకమంటే లోకసంబంధమైనదని బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. మా సంఘస్థులెవరైనా చూస్తే? కానీ తాత అప్పటికే ఆటో పిలిచాడు. వెళ్లి దిగితే బోర్డు మీద "శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం" అని ఉంది. నేను అక్కడే నిలబడిపోయాను. "అది హాలు పేరు అయ్యగారూ, రండి" అని తాత నవ్వుతూ చెయ్యి పట్టుకున్నాడు.

లోపల టిక్కెట్టు లేదు. పంచెలు కట్టినవారు, బడి పంతుళ్లు, రిటైరైన ఉద్యోగులు, చంటిపిల్లల తల్లులు ముందే వచ్చి కూర్చున్నారు. ఒక్కో నాటిక గంటసేపు. తెరవెనుక వారంతా పగలు ఏదో ఒక ఉద్యోగం చేసుకుని, రాత్రిళ్లు సాధన చేసేవారేనని పక్కనున్న పెద్దమనిషి చెప్పాడు. మన ప్రాంతంలో ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది పక్కనున్న తెనాలిలోనే. సత్యభామ వేషానికి పేరుపడ్డ స్థానం నరసింహారావు గారిది బాపట్ల. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. లూథరన్ మిషనువారు 1885లో స్థాపించిన మన ఏ.సి. కాలేజీలో చదువుకున్నవారే ఎన్.టి. రామారావు, కొంగర జగ్గయ్య. ఈ సంగతులన్నీ ఆ పెద్దమనిషి చెబుతుంటే, ఇన్నేళ్లు ఇక్కడ బస్సులు మారిన నేను ఊరిని చూడనేలేదని అనిపించింది.

రెండో నాటికలో ముసలి కౌలురైతు వేషంలో వచ్చినతన్ని చూసి తాత నా మోచెయ్యి నొక్కాడు. పొద్దుట మా మీద అరిచిన గుమాస్తా! అదే గరుకు గొంతు. కానీ ఇప్పుడు ఆ గొంతులో మా ఊరంతా ఉంది. కథ పెద్దదేమీ కాదు. పురుగుమందుల కొట్టులో బాకీ, పంట పోవడం, ఇంటిపెద్ద పోవడం. చివరి రంగంలో ఇంటికి వచ్చిన ప్రతివాడూ భార్యతో ఏదో ఒకటి మాట్లాడి వెళ్తాడు. ఆమె ఏదో చెప్పబోతుంది. ఎవరూ ఆగరు.

నాకు కళ్లు తిరిగినట్లయింది. అంతకు రెండేళ్ల క్రితం మా ఊళ్లో అలా పోయిన ఒక కౌలురైతుకు భూస్థాపన చేసింది నేనే. ఆయన భార్యతో నేను ఎన్నో ఆదరణ మాటలు చెప్పాను. ఆమె చెప్పింది వినడానికి మాత్రం ఆగలేదు. ఇంకో కూటానికి వేళయిందని లేచాను. ఎవరూ నాకు చెప్పని ఆ తప్పును, మిరపకాయలు తూచే మనిషి రంగు పూసుకుని నాకు చూపించాడు.

రాత్రి యార్డులో సంచులమీద పడుకున్నాం. నిద్ర రాలేదు. తాత తన చిన్ననాటి సంగతులు చెప్పాడు. షేక్ నాజర్ గారి బుర్రకథ వినడానికి ఆరు మైళ్లు నడిచి వెళ్లాడట. నాజర్ గారిది గుంటూరు దగ్గర పొన్నెకల్లు. పింజారులంటే ప్రత్తి ఏకే కులం. పింజారి అనేది మన నోట తిట్టుగా కూడా మారింది. ఆయన సిగ్గుపడలేదు సరికదా, తన ఆత్మకథకు "పింజారి" అనే పేరు పెట్టుకున్నారు. తంబురా భుజాన వేసుకుని పల్నాటి వీరుల కథ చెబుతుంటే అన్ని కులాలవారూ ఒకే నేలమీద కూర్చుని వినేవారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు.

"జాషువా గారు మనవారే గదా అయ్యగారూ?" అని అడిగాడు తాత తరువాత.

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. గుఱ్ఱం జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టారు. అంటరానివాడని కవుల సభలో చిన్నచూపు చూశారు. పురాణాల జోలికి వెళ్లాడని క్రైస్తవ సమాజమూ వెలివేసింది. రెండు గుమ్మాల దగ్గరా నిలబడి ఆయన "గబ్బిలం" వ్రాశారు. గుడిలోకి అంటరానివాడు వెళ్లలేడు, గబ్బిలం వెళ్లగలదు గనుక తన మొర దానితో పంపించే పేదవాని కథ అది. ఆయన "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1971లో గుంటూరులోనే కన్నుమూశారు. ఇప్పుడు మనవాడని గర్వంగా చెప్పుకుంటాం. వెలివేసిన రోజున మనం ఏ పక్షాన ఉండేవాళ్లమో?

తాత ఆ ప్రశ్న ఊరికే అడగలేదని నాకు తెలుసు. నేను ఈ సంఘానికి వచ్చిన కొత్తలో క్రిస్మసుకు ఆయన యోసేపు బుర్రకథ చెప్పేవాడు. నడుమ తాత, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఊరంతా, మన విశ్వాసులు కానివారు కూడా, తెల్లవారిందాకా కూర్చునేవారు. "ఆ తంబురా, ఆ గంతులు మందిరం ముందు వద్దు" అని మాన్పించింది నేనే. తాత ఒక్కమాట అనలేదు. పన్నెండేళ్లుగా తంబురా చూరున వేలాడుతోంది.

"తాతా, నేను తప్పు చేశాను" అన్నాను చీకట్లో.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వంతలిద్దరూ పోయారు గదయ్యా" అన్నాడు.

మర్నాడు ధర తెగింది, అనుకున్నదానికంటే కొంచెం తక్కువకే. కాటా వేసింది ఆ గుమాస్తాయే. రాత్రి మీ వేషం చూశామని చెబితే, అరవడం మానేసి పిల్లవాడిలా సిగ్గుపడ్డాడు. మాకు టీ తెప్పించాడు.

ఊరికి వచ్చాక ముందు ఆ విధవరాలి ఇంటికి వెళ్లాను. ఈసారి నేను మాట్లాడలేదు. ఆమె రెండు గంటలు మాట్లాడింది.

తంబురా దించి చూస్తే బుర్రకు చెద పట్టింది. కొత్తది చేయించాం. తాత గొంతు మునుపటిలా లేదు, ఆయాసపడతాడు. ఆదివారపు బడిలోని ఇద్దరు ఆడపిల్లలకు వంత పాడడం నేర్పుతున్నాడు. మొన్న క్రిస్మసుకు అరగంట కథ మాత్రమే చెప్పగలిగాడు. నేను పోగొట్టిన పన్నెండేళ్లు తిరిగి రావు. మా పిల్లలు ఆ కథను పూర్తిగా ఎన్నడూ వినలేకపోవచ్చు.

కనుక తోటి సేవకులకూ, కుటుంబాలకూ నా మనవి ఒక్కటే. మీ సంఘంలోనూ చూరున వేలాడే తంబురా ఒకటి ఉండవచ్చు. హార్మోనియం పెట్టెమీద దుమ్ము ఉండవచ్చు. దానిని దించమని మీరే అడగండి, వాయించగలిగిన చేతులు ఉండగానే. గుంటూరుకు కాయ వేసుకుని వెళ్లినప్పుడు ధర తెగకపోతే దిగులు పడకండి. సాయంత్రం ఊళ్లోకి వెళ్లండి. నతనయేలుతో ఫిలిప్పు వాదించలేదు, వచ్చి చూడమని మాత్రమే పిలిచాడు. నేనూ అంతే పిలుస్తున్నాను.