మాచునూరు పాతపంటల జాతర

బీదరు నుండి జహీరాబాదుకు 30 కిలోమీటర్లు, అటూ యిటూగా. 1956 నవంబరుకు ముందు ఆ తాలూకా మన బీదరు జిల్లాలోనిదే. రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసినప్పుడు జహీరాబాదు, నారాయణఖేడు అటుపోయి మెదకు జిల్లాలో కలిశాయి. మనము ఇటు మైసూరు రాష్ట్రంలో ఉండిపోయాము. 2016 నుండి అది సంగారెడ్డి జిల్లా. ఎన్ని గీతలు గీసినా వియ్యాలు మాత్రం ఆగలేదు. మా బృందంలో ఏడుగురము వెళితే, నలుగురికి ఆ వైపు మేనత్తలో వదినెలో ఉన్నారు.

జరాసంగం కేతకీ సంగమేశ్వరుని దర్శనానికి మనవారు తరచు వెళుతూనే ఉంటారు. ఆ చుట్టుపక్కలనే ఉన్న మాచునూరులో ఆగిన వారు తక్కువ. జహీరాబాదులో బస్సు దిగి ఆటోలో బయలుదేరాము. ఎఱ్ఱ నేల, అక్కడక్కడ నల్లరేగడి, రాళ్ళగట్లు, వేపచెట్లు. చెఱకు బండ్లు ఎదురయినప్పుడల్లా మా ఆటో రోడ్డు దిగవలసి వచ్చింది.

ఇక్కడి సంగాల సంగతి కొంత చెప్పాలి. 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పస్తాపూరు కేంద్రంగా మొదలయింది. దానిని చిరకాలం నడిపిన పి.వి. సతీష్ మైసూరులో పుట్టినవారు. 2023 మార్చిలో కాలం చేశారు. సంగాలలో ఉన్నది ఎక్కువమంది దళిత స్త్రీలు. ఏటా సంక్రాంతినాడు వీరు ఎడ్లబండ్లను అలంకరించి, వాటిపై బుట్టలలో, కుండలలో పాత విత్తనాలను పెట్టి ఊరూరా తిప్పుతారు. ఒక్కొక్క ఊరిలో ఆగి పూజ, పాట, తరువాత మాట. ఫిబ్రవరి నడుమ మాచునూరులో ముగింపు. మేము చేరినది ఆ ముగింపునాటికే.

బండ్లు వచ్చాయి. పచ్చజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కుసుమలు, అనుములు, ఇంకా మాకు పేరు తెలియని గింజలు ఎన్నో. మాలో ఒక పెద్దమనిషి మధుమేహానికి డాక్టరు చెప్పగా పట్నపు దుకాణంలో కొర్రలు కొని తింటున్నారు. ఆ ధర చెప్పేసరికి అక్కడి అవ్వలు ఒకరి మొగం ఒకరు చూచుకొని కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఒకప్పుడు కొర్ర తింటారని వీరిని తక్కువగా చూచినది పట్నమే గదా!

మధ్యాహ్నం పందిరి క్రింద సభ. వేదిక మీద నాయకుల ఉపన్యాసాలు ఉంటాయేమోనని జంకాము. ఉన్నవి కొన్నే, అవి తొందరగానే ముగిశాయి. తరువాత మైకు ఆడవారి చేతికి వచ్చింది.

మొదట లేచినది డెబ్బయి దాటిన అవ్వ. పెనిమిటి జీతం ఉండేవాడట; కూలికి గింజలే. రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన 1983 తరువాత జొన్న ఎవరికీ పట్టలేదనీ, తన చెలక పడావు పడి కంపలు మొలిచాయనీ చెప్పింది. తరువాత సంగం పడావు భూముల సాగుకు అప్పు ఇచ్చింది. ఆ అప్పు తీర్చవలసినది రూపాయలతో కాదు, జొన్నలతో. ఆ జొన్నలు మళ్ళీ ఆ ఊరి బీదవారికే చౌకగా చేరేవి. "రాళ్ళేరిన చేతులు బిడ్డా ఇవి" అని రెండు చేతులూ చాపి చూపి కూర్చున్నది. ఆమె చెప్పినదంతా ఐదు నిమిషాలు.

రెండవ ఆమె పత్తి అప్పుల కథ చెప్పింది. భర్త పోయాక అత్తగారి గుమ్మి అడుగున వేపాకు, బూడిద కలిపి దాచిన కందులు దొరికాయట. అత్తాకోడళ్ళకు పడేది కాదని కూడా దాచకుండా చెప్పింది. సభ అంతా నవ్వింది, అత్తగారితో సహా.

మూడవ ఆమె లేచినప్పుడు ఆ నవ్వు ఆగింది. జరాసంగం, న్యాల్‌కల్ మండలాలలో పెద్ద పారిశ్రామిక మండలానికై 12,000 ఎకరాలకు పైగా సేకరించ తలపెట్టిన సంగతి చదువరులు పత్రికలలో చూచే ఉంటారు. ఆమె భూమి అందులో ఉన్నది.

"నాకు రెండెకరాలు. పదహారు తీర్ల పంట పెడుత. పైసలిస్తమంటున్రు. పైసలొస్తె కొడుకుల చేతులకే పోతయి. నా పేరు మీదున్నది గీ భూమి ఒక్కటే" అన్నది.

కొడుకు అక్కడే ఉన్నాడు. హైదరాబాదులో పనిచేస్తాడట. ఫ్యాక్టరీ వస్తే ఇక్కడే ఉద్యోగం దొరుకుతుందని అతని ఆశ. తల్లి మాట్లాడుతున్నంతసేపు నేల చూచాడు. తరువాత మాతో, "అమ్మ చెప్పింది అబద్ధం కాదు, కాని నేనెట్ల బతకాలె?" అన్నాడు. మాలో ఎవ్వరికీ జవాబు తోచలేదు. పిల్లల ఉద్యోగాల కోసం ఊళ్ళు వదలినవారము గదా మేము కూడ.

ఈ మాటలన్నిటినీ ఒక అమ్మాయి పెట్టెలో పట్టుకుంటున్నది. మాచునూరులోనే సంగం రేడియో ఉన్నది. 2008 అక్టోబరు 15న 90.4 మీద ప్రసారం మొదలయింది. ఆరంభం నుండి దానికి గొంతులయినవారు ఇద్దరు నర్సమ్మలు: ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. అనుమతి రాక ముందు కొన్నేళ్ళు వీరు టేపులలో పట్టి సంగాలలో వినిపించేవారు. భాష అచ్చముగా మనదే. నడుమ కన్నడం, ఉర్దూ దొర్లుతూనే ఉంటాయి. మన ఇండ్లలో పిల్లలు వినడం మానేసిన ఆ మాట అక్కడ గాలిలో తిరుగుతున్నది.

భోజనం సజ్జరొట్టె, పుంటికూర, కొర్రల పాయసం. మాలోని ఆడవారు పుంటికూర రెండవసారి అడిగి వేయించుకున్నారు.

బయలుదేరేముందు విత్తనాలు కొనబోతే అమ్మమన్నారు. ఒక సోల తీసుకుంటే పంట వచ్చాక రెండు సోలలు తిరిగి ఇవ్వాలి, అదే వారి కట్టుబాటు. "మీరు మళ్ళ రారు" అని ఒక అవ్వ సందేహించింది. ఆమె మేనకోడలు మా బృందంలో ఉన్నదని తెలిసిన తరువాతనే పచ్చజొన్న ఒక సోల కొలిచి, మూట కట్టి ఇచ్చింది. హుమ్నాబాదు దగ్గర ఎకరం చేను ఉన్న మిత్రుడు ఆ మూటను తీసుకున్నాడు. మృగశిర కార్తె రాగానే విత్తాలట.